దుబాయి చాప మీద నా పరుగు

రెండు నెలల పాటు నేను మా ఇంట్లో రోజూ అరగంట పరిగెత్తాను. ఇల్లంటే మూసాపేటలో ఓ మేడ మీద కిరాయి గది, దానికి అతుక్కుని ఓ వంటగది ముక్క. మంచం ఎత్తి గోడకు నిలబెడితే గదిలో అడ్డంగా నాలుగడుగులు, నిలువుగా ఆరడుగులు వేయొచ్చు. అంత జాగాలో పరిగెత్తిన పరుగంతా ఒకచోట పేరిస్తే మా ఊరికి పోయి మళ్లీ వచ్చేవాణ్ణేమో. కదిలింది మాత్రం జానెడు కూడా లేదు.

తొంభైల చివరి మాట. హైటెక్ సిటీలో బండలు పగలగొట్టి అద్దాల బిల్డింగులు లేపుతున్న రోజులు. నేను జీడిమెట్లలో ఓ రసాయనాల ఫ్యాక్టరీ గేటు దగ్గర గార్డుని. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా గేటు తీయడం, గేటు వేయడం. గేటు వేసినంత మాత్రాన వాసన లోపల ఆగదు కదా. ఒకరోజు కుళ్లిన గుడ్ల వాసన, ఒకరోజు కాలిన రబ్బరు వాసన, ఎప్పుడైనా మల్లెపూల వాసన. మల్లెపూల వాసన వచ్చిన రోజే అందరం ఎక్కువ భయపడేవాళ్లం.

మూడేళ్లలో దగ్గు నాకు ఇంటి మనిషైపోయింది. నేను సందు మొదట్లో ఉండగానే మా ఆవిడ దగ్గు విని స్టవ్ మీద చాయ్ పెట్టేది. దవాఖానకు పోతే డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "ఆ వాసనకు దూరంగా ఉండు, లేకపోతే ఊపిరితిత్తులు మిగలవు. మానెయ్" అన్నాడు. మానెయ్యడానికి అదేమన్నా బీడీయా సార్ అన్నాను. ఆయన నవ్వలేదు. మా ఆవిడా నవ్వలేదు. బస్సు దిగాక, "నువ్వు జోకులేసుకుంటనే పోతవ్. మేమేం చెయ్యాలె?" అంది.

దారి ఒకటి ఉంది. నన్ను ఫ్యాక్టరీకి పంపిన ఏజెన్సీయే హైటెక్ సిటీలో ఓ కొత్త బిల్డింగుకు గార్డులను తీసుకుంటోంది. ఎనిమిది గంటల డ్యూటీ. అద్దాల తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి చల్లగాలి కొంచెం గార్డు మీదికి కూడా వస్తుందని చెప్పుకునేవాళ్లు. ఆ గాలికి ఏ వాసనా ఉండదట. రాతపరీక్ష కూడా లేదు. ఏడో తరగతిలో బడి మానేసిన నాకు ఆ మాటతో ప్రాణం లేచి వచ్చింది. ఉన్నది ఒకటే పరీక్ష: బిల్డింగు వెనక మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు, పది నిమిషాల్లో, పూర్తి యూనిఫాంతో పరిగెత్తాలి. లేచిన ప్రాణం మళ్లీ కూర్చుంది. బడి నుంచి పారిపోయిన రోజు పరిగెత్తిందే ఆఖరు. పైగా మూడేళ్లు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని పెంచిన పొట్ట ఒకటి.

పరీక్షకు రెండు నెలల గడువుంది. రోడ్డు మీద పరిగెత్తొచ్చు కదా అంటారు. అక్కడే ఉంది చిక్కు. మా సందులో నా నోటి నుంచి తప్పించుకున్నవాళ్లు లేరు. చాయ్ హోటలాయన్ని, "అన్నా, నీళ్లు మంచిగున్నయి, జర చాయ్ గూడ పొయ్యి" అని రోజూ అడిగేవాణ్ణి. ఎదురింట్లో ఓ బ్యాంకు గుమాస్తా ఉండేవాడు, యాభై దాటిన మనిషి. ఒక ఎండాకాలం ఆయన సాయంత్రాలు కాన్వాస్ బూట్లేసుకుని సందు ఆ కొసకూ ఈ కొసకూ నడవడం మొదలుపెట్టాడు. "ఏం పోయింది సార్? చెప్తే నేను గూడ దేవులాడుత" అని, ఆయనేదో పారేసుకుని వెతుకుతున్నట్టు, నేను రోజూ అరిచేవాణ్ణి. నాతోపాటు సందంతా నవ్వేది. పదిహేను రోజులకు ఆయన నడక మానేశాడు. అలాంటి సందులో నేను పొట్టేసుకుని పరిగెత్తాలా? మనుషులు లేవకముందు పోదామంటే కుక్కలు. వాటికి కూడా నా మీద పాత పగలున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది దుబాయి చాప. మా బావమరిది సెలవుల్లో వచ్చినప్పుడు నా బిడ్డకు టీవీ ఆట తెచ్చాడు. టీవీకి తగిలించే చిన్న డబ్బా, దాంట్లో దూర్చే క్యాసెట్లు, వాటితోపాటు మడతపెట్టిన ప్లాస్టిక్ చాప. చాప మీద ఎర్ర గుండ్రాలు, నీలం గుండ్రాలు. దాని మీద నిలబడి పరిగెత్తితే టీవీలో నిక్కరేసుకున్న బొమ్మ పరిగెత్తుతుంది. మనం ఎంత వేగంగా అడుగులు వేస్తే అదీ అంత వేగం. పక్కన పోటీకి ఇంకో బొమ్మ. ఆ పోటీదారుల్లో అందరికన్నా మెల్లగా పోయేవాడికి తాబేలు గుర్తు.

ఆరో తరగతి చదువుతున్న నా బిడ్డ నాకు కోచ్. "నాయినా, కాళ్లు లేపు. నేల మీద ఈడ్చినవంటే అది చూస్తది" అనేది. మొదటి రోజు ఎనిమిది క్షణాలు పరిగెత్తి మంచం పట్టుకుని దగ్గాను. తాబేలు గెలిచింది. రెండో రోజు తాబేలు గెలిచింది. తొమ్మిది రోజులు వరసగా తాబేలే గెలిచింది. చీరలకు ఫాల్స్ కుట్టుకుంటున్న మా ఆవిడ సూది ఆపి చూసి, "గా తాబేలు పోయి పండుకున్నది, నువ్వింక ఉరుకుతనే ఉన్నవ్" అంది. ఇంట్లో ఆ వెటకారమంతా నేను నేర్పిందే.

మూడో రోజే కింది నుంచి ఇంటి ఓనరమ్మ పైకి వచ్చింది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న పెద్దావిడ. ఎంత కోపమొచ్చినా అండీ అనేది వదలదు.

"ఏమండీ, సాయంత్రం పూట పైన ఏం దంచుతున్నారండీ? కారమా, పిండా?"

"పొట్ట దంచుతున్నం పిన్నిగారూ."

"దంచుకోండి బాబూ, ఎవరొద్దన్నారు? మా స్లాబు నుంచి సున్నం రాలి నా మజ్జిగన్నంలో పడుతోందండీ. ఆ సున్నంతో కలిపి తింటున్నాను."

మా ఆవిడ లోపలికి పిలిచి కూర్చోబెట్టి, డాక్టరు చెప్పిందీ, పరీక్ష సంగతీ మొత్తం చెప్పేసింది. పెద్దావిడ టీవీలో బొమ్మను చూసింది, నన్ను చూసింది. రోజూ ఏడు గంటలకు తాను భజనకు పోతాననీ, ఏడున్నర దాకా రాననీ, ఆ అరగంటలో ఏమైనా దంచుకోమనీ చెప్పి దిగిపోయింది. అలా దేవుడి పాటల టైము నాకు పరుగు టైమైంది.

ఆరింటికి డ్యూటీ దిగి, సైకిల్ తొక్కి, ఇంటికి చేరేసరికి ఒంట్లో ఏమీ మిగిలేది కాదు. కళ్లు మండేవి. ముక్కులో వాసన అలాగే కూర్చుని ఉండేది. చాయ్ తాగి బనీనుతో చాప మీద నిలబడేవాణ్ణి. పరిగెత్తాలని ఏ రోజూ అనిపించలేదు. ఇష్టం పుడుతుందని జనం చెబుతారు. నాకు పుట్టలేదు. కరెంటు పోతే బిడ్డ అయ్యో అనేది, నేను లోపల లోపల కరెంటాఫీసుకు దండం పెట్టుకునేవాణ్ణి.

ఒకరోజు లాంగ్ జంప్ ఆట. ఎగిరే గీత దాకా పరిగెత్తాను కానీ ఎగరడానికి ఒంట్లో ఓపిక లేదు. చాప దిగి గోడకు ఒరిగాను. తలెత్తి చూస్తే టీవీలో నా బొమ్మ ఇంకా గాలిలోనే ఉంది. చాప మీద కాళ్లు లేవు కాబట్టి నేను ఎగిరానని ఆ డబ్బా నమ్మింది. నేను బిందె దగ్గరికి పోయి గ్లాసుడు నీళ్లు తాగి, మూతి తుడుచుకుని వచ్చి దిగాను. ఇసుక గుంట దాటిపోయి పడింది బొమ్మ. టీవీలో చప్పట్లు.

"దొంగాట!" అని బిడ్డ లేచింది. "అమ్మా, నాయిన దొంగాట ఆడుతున్నడు."

"అక్కడ ఆడుకోనియ్యి బిడ్డా," అంది మా ఆవిడ తలెత్తకుండా. "మైదానంల నీళ్లు దాగి వస్తే ఆగుతరా?"

ఆ మాటతో సిగ్గొచ్చింది. తర్వాత చాప దిగలేదు. పదో రోజు తాబేలును కొట్టాను. నెల దాటేసరికి దాని పైవాణ్ణి, ఆ పైవాణ్ణి కూడా. రెండో నెల చివరికి ఆగకుండా పది నిమిషాలు అడుగులు వేయగలిగాను. ప్యాంటుకు బెల్టు రెండు రంధ్రాలు లోపలికి జరిగింది. మా ఆవిడ చాప ముందున్న జాగాలోంచి తన చీరల మూట తానే తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది.

పరీక్ష సోమవారం. ఓ పూట సెలవు అడిగి హైటెక్ సిటీకి పోయాను. మైదానమంటే చదును చేసి వదిలేసిన మొరం నేల, పక్కన ఇంకా పగలని బండలు. ఏజెన్సీ సూపర్‌వైజరు ఆర్మీలో హవల్దారుగా చేసి వచ్చినాయన, గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. మేం ఆరుగురం. ఈల వేశాడు.

మొదటి రౌండు సగంలోనే ఆయన అరుపు వినబడింది. "ఏయ్ చివరోడా, ముంగటికి ఉరుకు, మీదికి గాదు!" రెండు నెలలు ఉన్నచోటనే కాళ్లు లేపి లేపి నా మోకాళ్లు ఛాతీ దాకా లేస్తున్నాయి, మనిషి మాత్రం జరగడం లేదు. సర్దుకుని అడుగు ముందుకు వేయడం మొదలుపెట్టాను. రెండో రౌండులో అసలు సంగతి బయటపడింది. బూట్లు.

ఇంట్లో చెప్పులతో తిరగం కదా. చెప్పులే గడప బయట విడిచేవాళ్లం, బూట్లతో లోపల పరిగెత్తాలని మా ముగ్గురిలో ఎవరికీ తట్టనే లేదు. పైగా టీవీ మీద గోడకు దేవుళ్ల పటాల అలమర. రెండు నెలలూ నేను దేవుళ్లకు ఎదురుగా, వట్టి కాళ్లతో, ఎంతో మర్యాదగా పరిగెత్తాను. ఏజెన్సీ బూట్లు ఫ్యాక్టరీలో గార్డుల గదిలోనే ఉండేవి, పరీక్ష కోసం ఆ పొద్దునే తెచ్చుకున్నాను. వాటిని తొడుక్కుని కూర్చున్నానే తప్ప పది గజాలు కూడా ఉరకలేదు. ఇప్పుడు అవి మడమల దగ్గర కొరికి, బొబ్బలు లేపి, చిట్లించాయి. ఊపిరి ఉంది, కాళ్లలో బలముంది, పాదం మాత్రం నేల మీద ఆనడం లేదు.

మూడో రౌండు మొదట్లో ఆగి బూట్లు పీకేశాను. రెండు చేతుల్లో రెండు పట్టుకుని పరిగెత్తాను. మొరం గుచ్చుకుంది కానీ పాదాలకు ప్రాణం వచ్చింది. ఇద్దరిని దాటాను. నాలుగో రౌండు అయ్యేసరికి పది నిమిషాలకు ఇంకా కొన్ని క్షణాలు మిగిలే ఉన్నాయి.

హవల్దారు నా చేతుల్లోకి చూశాడు.

"బూట్లు నిన్ను మోస్తయా, నువ్వు బూట్లను మోస్తవా?"

"ఇయ్యాల్టికి నేనే మోసిన సార్. టైముకైతే అందిన."

"టైం గాదయ్యా. పూర్తి యూనిఫాం అన్న. గేటు కాడ దొంగొస్తే ఆగు బాబూ, బూట్లు ఇప్పుకుంట అంటవా?" మిగతావాళ్లు నవ్వారు. ఆయన నా మడమల వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఉరుకుడు వచ్చు నీకు. వచ్చే సోమవారం మళ్ల రా. గదే ఆఖరు."

మిగతా పూట డ్యూటీ చేసి, బూట్లు అక్కడే విడిచి ఇంటికొచ్చి, మడమలకు పసుపు పెట్టించుకుంటూ జరిగింది చెప్పాను. బిడ్డకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మర్నాడు ఫ్యాక్టరీ నుంచి బూట్లు తెచ్చాను. మా ఆవిడ వాటిని కుళాయి దగ్గర పెట్టుకుని, అడుగులు పాత బ్రష్షుతో సబ్బేసి మూడుసార్లు తోమింది. ఎండబెట్టింది. బుధవారం సాయంత్రం తన పాత చీర ఒకటి చింపి, దేవుళ్ల అలమరకు అడ్డంగా తెర కట్టింది.

"ఏందే ఇది?" అన్నాను.

"ఆల్లు సూడకుంటే సాలు. నువ్వు ఉరుకు."

పసుపూ దూదీ చుట్టిన కాళ్లకు బూట్లు తొడుక్కుని ఇంటి నడిమధ్యలో నిలబడ్డాను. జీవితంలో ఎన్నో వేషాలు వేశాను గానీ, అంత తప్పు చేస్తున్నట్టు ఎప్పుడూ అనిపించలేదు. మా ఆవిడ కళ్లు మూసుకుని ఓ దండం పెట్టి, "కానియ్యి" అంది. మొదటి అడుగుకే నొప్పి నెత్తికెక్కింది. ఆ రోజు మళ్లీ తాబేలు గెలిచింది.

గురువారం చాప చినిగింది. బూటు అంచు తగిలి ఎర్ర గుండ్రం దగ్గర చీలి, లోపలి సన్నటి రేకు బయటికి వచ్చింది. టీవీలో బొమ్మ గీత దగ్గర నిలబడిపోయింది. నేను ఎంత తొక్కినా అది కదల్లేదు. బిడ్డ వచ్చి చీలిక మీద వేలు పెట్టి చూసింది. చేత్తో నొక్కింది. బొమ్మ కదల్లేదు. మేనమామ తెచ్చిన చాప. బళ్లో అందరికీ చెప్పుకుంది.

"మామ మళ్ల వస్తే తెస్తడు లే బిడ్డా," అన్నాను.

"నాకొద్దు," అంది. కళ్లు తుడుచుకుని, "నాయినా, ఇంక మూడు దినాలే ఉన్నయి. సందులకు పోదాం" అంది.

శుక్రవారం సాయంత్రం సందంతా గడపల్లో కూర్చుని ఉన్న వేళకు నేను యూనిఫాం, బూట్లు వేసుకుని కిందికి దిగాను. ఏళ్ల తరబడి నేను వేసిన జోకుల బాకీలన్నీ ఒక్క సాయంత్రంలో తీర్చుకున్నారు. "ఎవరన్నా తరుముతున్నరా?" అన్నారొకరు. "పొట్ట ముంగట ఉరుకుతున్నది, మనిషి ఎన్క వస్తున్నడు," అన్నాడు చాయ్ హోటలాయన. "అన్నా, నీళ్లు కావాల్నా, చాయ్ కావాల్నా? రెండు ఒక్కటే గదా నీకు!" పిల్లలు వెంట పరిగెత్తారు. ఓనరమ్మ అరుగు మీంచి, "మా స్లాబుకు విముక్తి వచ్చిందండీ," అంది. నేను ఏ ఒక్కదానికీ తిరిగి జవాబివ్వలేకపోయాను. ఊపిరి మొత్తం కాళ్లకే ఖర్చవుతోంది. నోరు మూసుకుని సందు ఆ కొసకూ ఈ కొసకూ తిరిగాను.

మూడోసారి తిరిగేటప్పుడు బ్యాంకు గుమాస్తా వరండాలోంచి పలికాడు. నేను ఎదురుచూస్తున్న మాటే.

"ఏం పోయింది? చెప్తే నేను గూడ దేవులాడుత."

సందు ఘొల్లుమంది. నేను ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని దగ్గాను. దగ్గు ఎంతకీ ఆగలేదు. నవ్వు ఆగిపోయింది. గుమాస్తా మెట్లు దిగి వచ్చి, చేతికున్న గడియారం విప్పుతూ నా బిడ్డనడిగాడు, "ఎన్ని నిమిషాలల్ల ఉరకాలె మీ నాయిన?"

"పది," అంది అది. "నాలుగు రౌండ్లు. బూట్లతోని."

శని, ఆదివారాలు ఆయన గడియారం పట్టుకుని సందు మొదట్లో నిలబడ్డాడు. బిడ్డ ఆ కొసన నిలబడి నేను తిరిగిన రౌండ్లు లెక్కపెట్టి అరుస్తూ ఉంది. మైదానం నాలుగు రౌండ్లంత దూరానికి మొదట పదమూడు నిమిషాలు, తర్వాత పన్నెండు, ఆదివారం సాయంత్రానికి పదకొండు. మధ్యలో నేను అరుగు మీద కూలబడినప్పుడు ఆయన పక్కన కూర్చున్నాడు.

"నాకు షుగర్ ఉంది. అప్పట్ల డాక్టర్ నడువుమన్నడు," అన్నాడు, మామూలుగా, కూరగాయల ధర చెప్పినట్టు. "నువ్వు మస్తు నవ్వించినవ్ లే."

నోటికి వచ్చే మాటలన్నీ జోకులే. ఒక్కటీ పనికొచ్చేలా లేదు. మెల్లగా లేచి ఇంకో రౌండు మొదలుపెట్టాను.

సోమవారం మైదానంలో ఒక్కణ్ణే పరిగెత్తాను. ఈసారి ముందుకే పరిగెత్తాను. బూట్లు కాళ్లకే ఉన్నాయి. రెండో రౌండులో బొబ్బలు మళ్లీ చిట్లాయి, మూడో రౌండులో మేజోడు తడిసింది తెలుస్తూనే ఉంది. నాలుగో రౌండు నిజంగా పెద్దగా గుర్తులేదు. తెర కట్టిన అలమర, కదలని బొమ్మ, నా బిడ్డ అరుపు, అవే కళ్ల ముందు తిరిగాయి. గీత దాటి కింద కూర్చున్నాను. హవల్దారు గడియారం చూశాడు. మళ్లీ చూశాడు.

"రాయాల్నా వద్దా అని సూస్తున్న," అన్నాడు. తర్వాత జేబులోంచి కాగితం తీసి నా పేరు రాసుకున్నాడు. పదికి ముందో తర్వాతో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి అలమర తెర విప్పేసి ఉంది. చినిగిన చాపను బిడ్డ మడతపెట్టి కింద వేసుకుని దాని మీద కూర్చుని హోంవర్కు రాసుకుంటోంది. చెప్పాను. మా ఆవిడ నా ముఖం వంక కాకుండా పటాల వంక చూసి, "బూట్లు బయట ఇడిసిరా" అంది.

మొదటి డ్యూటీ రోజు పొద్దున బస్టాపుకు బయల్దేరాను. గుమాస్తా పాత కాన్వాస్ బూట్లతో సందులో నడుస్తున్నాడు. గడపల్లో ఉన్నవాళ్లు నా వైపు చూశారు, నేను ఏదో ఒకటి అంటానని.

"ఇయ్యాల ఉరకవా?" అన్నాడాయన.

"ఇగ ఉరుకుడు లేదు సార్. ఎనిమిది గంటలు నిలబడుడే."

"మరి బస్టాపు దాకా నడుద్దాం పా."

నడిచాం. ఆయన అలవాటు తప్పిన మనిషి, మెల్లగా అడుగులు వేశాడు. నా బూట్లు ఇంకా కరుస్తూనే ఉన్నాయి కాబట్టి నేనూ మెల్లగానే నడిచాను.